ఎల్లారెడ్డి సర్వర్ గది

ఎల్లారెడ్డిల పాత రైస్ మిల్లు ఎనకాల ఒక సర్వర్ గది ఉంది. పొద్దుగూకినంక అటు దిక్కు ఎవ్వరూ పోరు. తాళమేసిన గదిల ఎవరో తిరుగుతున్న చప్పుడైతదట...

ఆ గది ఒక అంబులెన్స్ కంపెనీది. అసలు కంప్యూటర్ కామారెడ్డిల ఉంటది. ఏ ఫోన్‌కు ఏ బండి పోవాల్నో అదే చూస్తది. అది పడిపోతే, అంటే పనిచెయ్యకుండ ఆగిపోతే, ఎల్లారెడ్డి కంప్యూటర్ లేచి పని అందుకోవాలె. కాని పడ్డదా లేదా అని కనిపెట్టే కాపలా ప్రోగ్రాం ఒక్కటే — అది గూడ కామారెడ్డిలనే.

"ఆ కాపలానే పడిపోతే ఎవరు చూస్తరు సార్? మూడు జాగలల్ల పెడదాం" అని ఇంజనీర్ ప్రభుదాసు ఎన్నిసార్లు బతిమాలిండో! మేనేజర్ దివాకర్ చెవిన పెట్టలే.

పోయిన వానకాలం ఓ రాత్రి కామారెడ్డి ఆఫీసులకు నీళ్లొచ్చినయి. కంప్యూటర్, కాపలా — రెండూ ఒక్కసారే ఆగిపోయినయి. ఎల్లారెడ్డిది మంచిగనే ఉంది, లేపేటోళ్లే లేరు. పోయి చేత్తోనే లేపుదామని ప్రభుదాసు ఆ వానలనే బైక్ తీసిండు. లింగంపేట దాటినంక లారీ గుద్దింది. చూసినోళ్లు అంబులెన్స్‌కు ఫోన్ చేసిన్రు... మోగుతనే ఉంది. ప్రభుదాసు రోడ్డు మీదనే పానం ఇడిసిండు.

కాపలాను బంద్ చేసింది ప్రభుదాసే అని దివాకర్ రిపోర్టు రాసిండు.

ప్రభుదాసు భార్య మహేశ్వరి ఆఫీసుకొచ్చి దివాకర్‌తోని ఒక్కటే మాట అన్నది — "మా ఆయన నిన్ను ఇడిసిపెట్టడు."

తర్వాత కామారెడ్డి, తాడ్వాయి, ఎల్లారెడ్డిల మూడు కాపలాలు పెట్టిన్రు. మూడిట్ల రెండు ఒప్పుకుంటేనే కంప్యూటర్ పడిపోయినట్టు లెక్క.

మొన్న రాత్రి ఎల్లారెడ్డి గది తలుపు తెరిచి ఉన్నదని దివాకర్‌కు మెసేజ్ వచ్చింది. కార్ల ఒక్కడే పోయిండు. లోపల అడుగు పెట్టిండో లేదో... ఎనక తలుపు మూసుకున్నది.

స్క్రీన్ మీద ఒక అక్షరాల వరుస మెల్లగ వచ్చింది.

'తాడ్వాయి కాపలా: దివాకర్ పలుకుతలేడు.'

కంప్యూటర్ పేరు ఉండాల్సిన కాడ తన పేరు!

"ఎవడ్రా మజాక్ చేసేది?"

ఇంకో వరుస...

'ఎల్లారెడ్డి కాపలా: దివాకర్ పలుకుతలేడు.'

తలుపు గుంజిండు. రాలే. రెండు చేతులతో గుద్దిండు. రాలే. ఎనకకు తిరిగి చూస్తే —

'ఇద్దరం ఒప్పుకున్నం. బదులు మనిషిని లేపుతున్నం.'

కామారెడ్డి ఆఫీసుకు ఫోన్ చేసిండు. రాత్రి డ్యూటీల ఉన్న రమ్య ఎత్తింది.

"రమ్యా... నేను, దివాకర్‌ను. ఎల్లారెడ్డి గదిల ఇరుక్కున్న. ఊపిరాడుతలేదు... జల్ది బండి పంపు!"

రమ్య గుసగుసగ అన్నది —

"దివాకర్ సార్ ఇప్పుడే ఇక్కడికొచ్చిన్రు... ఒళ్లంత నీళ్లు కారుతున్నయి. పాత రిపోర్టు తెరిచి, తప్పు నాదే అని రాస్తున్నరు... మరి నువ్వెవరు?"

"వాన్ని ఆపు! వాడు నేను కాదు—"

"ఇటే చూస్తున్నరు... ఫోన్ ఇయ్యమంటున్నరు..."

ఫోన్ చెయ్యి మారింది. దివాకర్‌కు తన గొంతే వినబడ్డది — నిమ్మలంగ.

"చెప్పండి సార్... అంబులెన్స్ కావాల్నా?"