లీడ్స్‌లో ఎల్‌కేజీ

"మీరు ఓవర్సీస్ కిందికే వస్తారండీ," అంది కృప.

ఎదురుగా కూర్చున్న అబ్బాయి తడిసిన జుట్టు వెనక్కి తోసుకున్నాడు. కిటికీ అవతల సూర్యాపేట బస్టాండు మీద వాన దంచుతోంది. చొక్కా లోపల దాచుకొచ్చిన ప్లాస్టిక్ కవరులోంచి అతను పాస్‌పోర్టు తీసి, తుడిచి, ఆమె ముందు పెట్టాడు.

"ఇది సూసి చెప్పుండ్రి మేడం."

"చూశానండీ. పేరు చైతన్య. పుట్టింది లీడ్స్‌లో. పాస్‌పోర్టు బ్రిటన్‌ది. ఉండేది మిర్యాలగూడలో."

"మరి ఓవర్సీస్ ఎట్లయిత? నాది ఆ దేశమేనాయె!"

"దేశం మీదేనండీ. ఫీజు కాదు."

పక్క టేబుల్ దగ్గర సుకన్య నవ్వు ఆపుకోవడానికి తల వంచి డ్రాయర్‌లో ఏదో వెతుకుతున్నట్టు నటించింది. విదేశాల్లో చదువుకునేవాళ్లకి దారి చూపించే ఆ చిన్న ఆఫీసులో ఉద్యోగులు వాళ్లిద్దరే. యజమాని హైదరాబాద్‌లో ఉంటాడు.

చైతన్య గొంతు తగ్గించాడు. "ఒకటడుగుత, ఏమనుకోవద్దు. ఓవర్సీస్ స్టూడెంట్ అయితేనే మీకు కమీషన్ వస్తదంట కద?"

సుకన్య డ్రాయర్ చప్పుడు ఆగిపోయింది.

"వస్తుంది. తక్కువ ఫీజు కట్టే హోం స్టూడెంట్ అయితే మాకు ఏమీ రాదు," అంది కృప.

"గదీ సంగతి!"

"సంగతి అది కాదండీ. హోం కింద రావాలంటే, కోర్సు మొదలయ్యే రోజుకి ముందు మూడేళ్లు మీరు అక్కడ కాపురం ఉండాలి. అందరిలా ఇల్లూ వాకిలీ, ఉద్యోగమూ ఉండి బతికినట్టు యూనివర్సిటీకి చూపించాలి. పాస్‌పోర్టు ఒక్కటే చాలదు."

"ఆడ ఉన్న మేడం. పుట్టిన కాడ్నించి ఫస్ట్ క్లాసు దాక." కవరులోంచి ఇంకో కాగితం వచ్చింది. "మా అమ్మ ఆ బడికి రాసి మరీ తెప్పించింది. ఎల్‌కేజీ, యూకేజీ, ఫస్ట్ క్లాస్, మొత్తం లీడ్స్‌లనే. బోనఫైడ్ పక్కా ఉంది. ఇగ లోకల్ కాదా నేను?"

సుకన్య ఇక ఆపుకోలేక లేచి మంచినీళ్ల వంకతో బయటికి వెళ్లింది.

కృపకి నవ్వు రాలేదు, జాలేసింది. ఇంటర్ చదివే పిల్లలున్న ప్రతి ఇంట్లోనూ ఈ బోనఫైడ్ల గొడవే కదా. ఎంసెట్ కౌన్సెలింగ్‌కి ఏ బడిలో ఏ క్లాసు చదివారో వరుసగా చూపిస్తేనే లోకల్. కోదాడలో ఉండే కృపకి అది ఇంకా బాగా తెలుసు. అవతలి రాష్ట్రం కూతవేటు దూరంలో ఉంది. లోకల్ కోసం పిల్లల్ని ఇటు తెచ్చి చదివించేవాళ్లు ఆమె వీధిలోనే ఉన్నారు. లోకమంతా అట్లాగే నడుస్తుందని ఆ తల్లి అనుకోవడంలో వింతేముంది?

"మన దగ్గర ఎక్కడ చదివితే అక్కడ లోకల్. వాళ్ల పద్ధతి వేరు. ఎక్కడున్నావు అనడంతో ఆగరు, ఎందుకున్నావు అని కూడా అడుగుతారు. చదువు కోసమే వచ్చి ఉంటే ఆ ఉండటాన్ని వాళ్లు పట్టించుకోరు."

చైతన్య ఆమె ముఖంలోకి అనుమానంగా చూశాడు. ఆమె కూడా అట్లాగే చూసింది. ఇద్దరూ ఒకేసారి చూపు తిప్పుకున్నారు.

"నేనే డైరెక్టుగ యూనివర్సిటీకి రాసి అడుగుత," అన్నాడు లేస్తూ.

"అడగండి. మెయిల్ ఐడీ కావాలా?"

ఆ మాటకి అతను గుమ్మంలో ఒక్క క్షణం ఆగిపోయాడు. మోసం చేసేవాళ్లు మెయిల్ ఐడీ ఎందుకిస్తారు?

యూనివర్సిటీ నుంచి జవాబొచ్చింది. కృప చెప్పిందే ఉంది. క్షమించమని అడగడానికి చైతన్య మిర్చీబజ్జీల పొట్లంతో వచ్చాడు. ఆ తర్వాత ఇంకో డౌటుతో వచ్చాడు. మళ్లీ ఇంకొకటి.

"డౌట్లు ఫోన్లో అడగొచ్చు కదా," అంది సుకన్య ఒకరోజు అతను మెట్లు దిగి వెళ్లాక. "మిర్యాలగూడ నుంచి బండేసుకుని రావాలా?"

"ఫిజియోథెరపీ చదివాడు. మాస్టర్స్ చెయ్యాలని ఉంది. భయం ఉంటుంది కదా," అంది కృప.

"భయమా? ఆ కళ్లలోనా?"

కృప ఫైల్లోకి తలదూర్చింది. కానీ ఆ సాయంత్రం కోదాడ బస్సు కోసం నిలబడితే బస్టాండు ఎదుట చైతన్య కనిపించాడు. చాయ్ తాగుదామన్నాడు. ఆమె వద్దంది. వాన మొదలైంది. చాయ్ కొట్టు రేకు కింద తప్ప నిలబడే చోటు లేదు.

"మీ కోదాడోళ్లు మాట్లాడితే సగం ఆంధ్రోళ్ల లెక్కనే ఉంటది," అన్నాడు.

"మీ మిర్యాలగూడ వాళ్లు మాట్లాడితే కొట్లాడుతున్నట్టు ఉంటుంది."

"నేను కొట్లాడిన్నా?"

"మొదటిరోజు కమీషన్ ఏజెంటు అన్నారు."

"అన్లే. అడిగిన."

"అడిగిన తీరు అట్లాగే ఉంది."

"మరి ఇప్పుడు?"

"ఇప్పుడేంటి?"

అతను చాయ్ గ్లాసులోకి చూశాడు. "ఏం లేదు. మీ బస్సొచ్చింది."

బస్సులో కిటికీ పక్కన కూర్చుని కృప నవ్వుకుంది. నవ్విన మరుక్షణమే అనుమానం పట్టుకుంది. ప్రతిసారీ అతని చేతిలో ఆ ప్లాస్టిక్ కవరు ఉంటుంది. హోం ఫీజుకీ ఓవర్సీస్ ఫీజుకీ ఉన్న తేడా చిన్నది కాదు. అది తగ్గుతుందంటే జనం ఎన్నిసార్లైనా వస్తారు, ఎవరికైనా బజ్జీలు తెస్తారు. ఇతను వస్తున్నది ఫీజు కోసమా, తన కోసమా?

జవాబు అతని తల్లి తెచ్చింది.

రాణి వెనకటికి లీడ్స్‌లో నర్సు. ఇప్పుడు మిర్యాలగూడలో ఒక ప్రైవేటు దవాఖానలో పని చేస్తోంది. ఇస్త్రీ చీర కట్టుకుని, కళ్లజోడు మీదుగా ఆఫీసంతా చూసి కూర్చుంది.

"సూడు బిడ్డా, మేం టెంపరరీగనే వచ్చినం. మల్ల పోదామనే వచ్చినం. టెంపరరీగ వస్తే ఆడ ఉన్నట్టే లెక్కనంట కద, నేను ఇంటర్నెట్ల సదివిన."

"వచ్చి ఎన్నేళ్లయిందాంటీ?"

"పదిహేడు."

"ఇల్లు?"

"కట్టుకున్నం."

"పైన ఇంకో అంతస్తు వేసి కిరాయికి ఇచ్చారటగా?"

"గదంత చెప్పిండా వీడు!" రాణి కళ్లజోడు సర్దుకుంది. తర్వాత బ్యాగులోంచి ఒక కాగితం తీసింది. "సరే, అది వద్దు. మా చెల్లె ఎస్తేరు లీడ్స్‌లనే ఉంటది. మూడేండ్ల సంది మావాడు వాళ్లింట్లనే కిరాయికుంటున్నడని రాసిచ్చింది. నువ్వు అప్‌లోడ్ చేస్తే అయిపాయె."

"అబద్ధం కదాంటీ."

"చుట్టాలింటి అడ్రస్ పెట్టుడు కూడ తప్పేనా? మన దిక్కు ఎంతమంది పెట్టరు?"

"వాళ్లు బ్యాంకు కాగితాలు, జీతం కాగితాలు అడుగుతారు. దొరికితే సీటే పోతుంది. నా ఉద్యోగం కూడా పోతుంది."

రాణి నొచ్చుకున్నట్టు చూసింది. "మావాడు గట్ల చెప్పలే. కృపకు నేనంటే జర అభిమానం, నా మాట కాదనదు అన్నడు."

కృపకి చెవులు వేడెక్కాయి. కాగితం మడిచి ఆమె చేతిలోనే పెట్టింది. "కాదంటానండీ," అంది.

మర్నాడు ఆఫీసు తెరిచేసరికి చైతన్య మెట్ల మీద కూర్చుని ఉన్నాడు.

"అమ్మ తెచ్చిన కాయితం సంగతి నాకు తెల్వది, ఒట్టు," అన్నాడు.

"నా మాట కాదనదు అన్నారా, లేదా?"

అతను తల దించాడు. "అన్న."

"ఎందుకన్నారు?"

"ఆ పిల్ల ఎట్లాంటిదిరా అని అమ్మ అడిగింది. మంచిదన్న. నీకేం తెలుసురా అన్నది. ఏదో గొప్పకు... నోరు జారిన. కాయితం కోసమని అన్లే కృపా."

అతను పేరు పెట్టి పిలవడం అదే మొదటిసారి. మామూలు రోజైతే ఆ పిలుపుతో ఆమెకి సాయంత్రం దాకా గడిచిపోయేది.

"మీరు ఇక్కడికి వచ్చిన ప్రతిసారీ చేతిలో ఆ కవరుందండీ," అంది. "ఫీజు పని మీద వచ్చిన రోజుల్ని నేనెట్లా నమ్మను? నా కోసం వచ్చినట్టు ఎట్లా అనుకోను?"

అతను లేచి నిలబడ్డాడు.

"అయితే ఆ పని ఖతం చేస్త," అని మెట్లు దిగి వెళ్లిపోయాడు.

ఆ వారంలో, ఫీజు తేల్చడానికి యూనివర్సిటీ అడిగిన ప్రశ్నలన్నిటికీ తనే జవాబులు రాసి పంపించాడు. ఈ పదిహేడేళ్లూ ఎక్కడున్నావంటే మిర్యాలగూడ అని, ఎందుకున్నావంటే ఇల్లు ఇక్కడే అని రాశాడు. మధ్యలో ఏ ఆఫీసూ లేదు, ఏ పిన్ని ఇల్లూ లేదు. ఒక సాయంత్రం కృప ఫోనుకి ఒకే ముక్క వచ్చింది. "ఓవర్సీసే అన్నరు. నువ్వు చెప్పిందే."

తర్వాత మెసేజీ లేదు, మనిషీ లేడు. వానలు మాత్రం రోజూ పడుతూనే ఉన్నాయి.

"మెట్ల మీద ఏముందే? పొద్దున్నించీ అటే చూస్తున్నావ్," అంది సుకన్య.

"వాన వస్తుందేమోనని."

"మెట్ల మీదా?"

కృప చూపు ఫైల్లోకి తిప్పుకుంది. ఫీజు తగ్గలేదు, కాబట్టి రావడమూ ఆగింది. తను అనుమానపడ్డది నిజమే అయింది. అనుమానం నిజమైతే ఇంత దిగులు వేస్తుందని మాత్రం ఆమె అనుకోలేదు.

ఆదివారం చర్చి నుంచి వచ్చి కృప జడ విప్పుకుంటోంది. గేటు చప్పుడైంది. నడిగూడెం బళ్లో టీచరు అయిన తల్లి సరోజ వెళ్లి చూసింది.

"ఎవరు బాబూ?"

"చైతన్య అండి. మిర్యాలగూడ."

"ఫీజు అబ్బాయివా! అమ్మాయి ఆఫీసు సూర్యాపేటలో. ఇవాళ సెలవు."

"సెలవనే ఈడికొచ్చినండి. ఫీజు పని అయిపోయింది."

"మరి?"

"కృపతోని మాట్లాడదామని."

సరోజ అతణ్ణి పైనుంచి కిందిదాకా చూసింది. చేతులు ఖాళీ. కవరు లేదు, కాగితం లేదు. "ఇన్నాళ్లూ ఏమైపోయావు?"

"ఉద్యోగం సూసుకుంటున్ననండి. ఈడనే, కోదాడల. ఫిజియోథెరపీ సెంటర్ల చేరిన. పని లేకుండ ఏ మొకం పెట్టుకొని మీ గేటు కాడికి రావాలె?"

లోపల కృప చేతిలో జడ అట్లాగే ఆగిపోయింది.

సరోజ అతణ్ణి వరండాలో కూర్చోబెట్టింది కానీ నమ్మలేదు. వంటింట్లోకి పోయి, మిర్యాలగూడలో ఉన్న తోటి టీచరుకి ఫోను కలిపింది. గుసగుసగా మాట్లాడుతున్నానని ఆమె అనుకుంది. వరండాలో మంచినీళ్లు తాగుతున్న చైతన్యకి ప్రతి మాటా వినిపించింది. "తాగుతాడా? ... మందు కాదే, సిగరెట్టు! ... చర్చికి పోతాడా, లేక క్రిస్మస్‌కేనా?"

విచారణ సగంలో ఉండగా గేటు ముందు ఆటో ఆగింది. రాణి దిగింది.

"నా కొడుకు చెప్పిపోయిన అడ్రస్ ఇదే. ఈడున్నడా?" లోపలికి వస్తూనే కృపని చూసింది. "ఇప్పుడు సమజైంది నాకు. పిల్లగాడు చదువు ఇడిసిపెట్టి కోదాడ కోదాడ అంటుండు. నా కొడుకు పాస్‌పోర్టు సూసే కద బిడ్డా, నువ్వు ఇంత దూరం తెచ్చినవ్?"

"అమ్మా!" అని లేచాడు చైతన్య.

"నువ్వు కూసో!" అన్నారు ఇద్దరు తల్లులూ ఒకేసారి. తర్వాత ఒకరినొకరు చూసుకున్నారు.

సరోజ కొంగు బిగించింది. "ఏమండీ, మా పిల్ల మీవాడి పాస్‌పోర్టు చూసిందా? దానికి సొంత పాస్‌పోర్టే లేదు!"

"ఏందీ?"

"నిజమేనాంటీ," అంది కృప. "ఫోటో ఎట్లా దిగాలో, అప్లికేషన్ ఎట్లా పెట్టాలో రోజూ అందరికీ చెప్తాను. నేనింకా దిగలేదు."

రాణి నమ్మలేనట్టు చూసింది. "ఊరందరినీ విమానాలెక్కిస్తవ్. నువ్వెందుకు తీసుకోలే?"

"ఎక్కడికైనా పోవాలని అనిపించలేదు. సాయంత్రమయ్యేసరికి కోదాడ బస్సెక్కితే చాలనిపిస్తుంది."

రాణి మెల్లగా కుర్చీలో కూర్చుంది. ఆమెలో కోపం చల్లారి అలసట మిగిలింది. "పోదామనుకున్నది నేను బిడ్డా. టెంపరరీ అని వచ్చి ఈడనే ఉండిపోయిన. వీడన్న పోవాలని ఆశ."

కృప ఆమె ముందు మోకాళ్ల మీద కూర్చుంది. "పోవచ్చాంటీ. ఆయనకి వీసా గొడవ లేదు. ఎప్పుడు కావాలంటే అప్పుడు పోయి అక్కడ పని చేసుకుంటూ మూడేళ్లు బతికితే హోం ఫీజే అవుతుంది. ఆ దారి ఇవాళా ఉంది, ఐదేళ్ల తర్వాతా ఉంటుంది. దొంగ కాగితం పెట్టి ఉంటే మాత్రం ఆ యూనివర్సిటీ మొహం మళ్లీ చూసేవాళ్లు కాదు."

"పోతే నువ్వు పోనిస్తవా?"

"నేను ఆపడానికి ఎవర్నాంటీ?"

"గదే అడుగుతున్న. ఎవరివి నువ్వు?"

కృప చైతన్య వైపు చూసింది. అతను ఊపిరి బిగబట్టి ఉన్నాడు.

"ఈ రెండు వారాలు ఆయన రాకపోతే నాకు అన్నం దిగలేదు," అంది కృప నేలవైపు చూస్తూ. "అంతకంటే నాకూ తెలీదు."

రాణి కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకుంది.

"ప్రధానం ఉంగరాలు మాత్రం మిర్యాలగూడ చర్చిలనే మార్చుకోవాలె," అంది.

"అదేంటండీ! ప్రధానం ఆడపిల్ల వైపు కదా? కోదాడలోనే," అంది సరోజ.

"మా పాస్టరుగారు అంత దూరం రాడు."

"మా పాస్టరుగారు మాత్రం వస్తారా?"

మాటామాటా పెరిగింది. సరోజ చాయ్ పెట్టడానికి లేస్తే, ఆమె ఎంత చక్కెర వేస్తుందో చూడాలని రాణి కూడా వెంట వంటింట్లోకి నడిచింది. లోపల గిన్నెల చప్పుడు, దాని మీద వాళ్ల వాదన.

వరండాలో ఇద్దరే మిగిలారు. సన్నగా జల్లు మొదలైంది.

"ఇగ నమ్మినట్టేనా?" అన్నాడు చైతన్య.

"లేదు."

"ఇంకేం కావాలె నీకు? పని అయిపాయె, కవరు పారేసిన, కోదాడలనే కిరాయి రూం తీసుకున్న. ఇంకెట్ల సూపించాలె?"

కృప విప్పిన జడని ముందుకు వేసుకుని మెల్లగా అల్లుకుంటూ, అతణ్ణి ఓరగా చూసింది.

"రోజూ వస్తూ ఉండు," అంది. "చూద్దాం."

అతను జవాబు చెప్పబోయి, ఆమె 'ఉండండి' అనకుండా 'ఉండు' అందని గమనించి, నోరు మూసుకుని వానలోకి చూస్తూ నవ్వాడు.