ఆకలికి గుండ్రమైనవి

తలుపు తీస్తే ఎదురుగా సుమంత్. చంకలో తువ్వాలు చుట్టిన మైక్రోస్కోపు. ఆదోని నుంచి ఎమ్మిగనూరు దాకా బస్సులో దాన్ని పసిబిడ్డలా ఒళ్ళో పెట్టుకొని వచ్చినట్టున్నాడు. చొక్కా అంతా నలిగిపోయింది.

కన్యక మండిపడింది. "ఎందుకొచ్చినావు? నా సదువు మాన్పించినావు, ఇంకా ఏం మిగిలిందని?"

ఆ కోపంలో న్యాయముంది. ఎమ్మెస్సీలో ఇద్దరిదీ ఒకే ప్రాజెక్టు. ఆలూరు నల్లరేగడి మట్టిలోంచి తీసి ఆమె పెంచిన బ్యాక్టీరియా మొదట పుల్లల్లా ఉండేవి. వారం తర్వాత గుండ్రంగా కనబడేసరికి, "ఇందులో వేరేవి కలిసినాయి, కన్యక పాడుచేసింది" అని అతను సారుకు చెప్పేశాడు. సారు ఇంటికి ఫోన్ చేశాడు. చేతకాని చదువు ఎందుకని నాయన ఆమెను మాన్పించాడు.

"నువ్వు సెప్పిందే నిజం," అన్నాడు సుమంత్. " తిండి అయిపోతే అవి గుండ్రంగా అయితాయి. కణం పైగోడా, లోపలుండే సరుకూ అన్నీ మారిపోతాయి."

"ఆ పొద్దు నేను మొత్తుకుంటే వింటివా?"

"వినలేదు. తప్పు నాదే."

మగ్గం ఆపి ఆమె నాయన తిక్కయ్య బయటికొచ్చాడు. సుమంత్ వాకిట్లో పీట మీద మైక్రోస్కోపు పెట్టి, అద్దాన్ని వెలుతురుకు తిప్పాడు.

"సూడండి పెద్దాయనా. ఇవి ఆకలితో ఉండేవి. ఇవేమో, వాటికే మళ్ళా తిండి పెడితే పెరిగినవి."

అతను ఒకదాని తర్వాత ఒకటి పెట్టిన రెండు గాజుపలకలనూ తిక్కయ్య ఒక కన్ను మూసుకుని చాలాసేపు చూశాడు. "అవి ఆవాల మాదిరి, ఇవి అగ్గిపుల్లల మాదిరి! రెండూ ఒగటేనని మా పాప ముందే సెప్పిందా?"

"సెప్పింది. సారుకు గూడా నిజం సెప్పినాను. సోమవారం కన్యకను మళ్ళా రమ్మన్నాడు."

"నేనూ అడక్కుండానే మాన్పిస్తి," అని గొణిగి, "పో పాపా, సదువుకో," అంటూ తిక్కయ్య లోపలికి పోయాడు. మగ్గం మళ్ళీ మోగింది.

కన్యక కోపం మాత్రం దిగలేదు.

"నువ్వు పొరబడినావని కాదు సుమంతూ. నా గురించి ఇంగొకరికి సెప్పే ముందు నన్నొక మాట అడగల్లని తోచలేదే నీకు! ఈ గుమ్మం దాటి మళ్ళా సదువుకు పోనేమో అని నేను ఎంత ఏడ్చినానో తెలుసునా?"

"నువ్వు లేని ల్యాబులో నాకూ కాలు నిలవలేదు." అతను తల దించుకున్నాడు. "ఇప్పుడు ముందే అడుగుతాండా. మీ నాయనతో ఒక మాట మాట్లాడొచ్చునా?"

"ఏం మాట?"

"మనిద్దరి మాట."

ఆమె చెవులు వేడెక్కాయి. నవ్వు రాకుండా మూతి బిగించింది.

"అడుగు. గట్టిగా అడుగు. మగ్గం సప్పుడులో నాయనకు వినపడదు."