తలుపు నంబర్ 5433

ముక్తేశ్వరం దగ్గర కాలువలో తేలిన శవం అనిల్ కుమార్‌దని గుర్తుపట్టడానికి పోలీసులకు పది నిమిషాలు కూడా పట్టలేదు. మెడలో ఐడీ కార్డు అలాగే ఉంది. అమలాపురంలోని పడవల ట్రాకింగ్ కేంద్రంలో అతను డేటాబేస్ అడ్మినిస్ట్రేటర్. గట్టు మీద కాలు జారిందని రాసుకున్నారు. కార్డు వెనక ప్లాస్టిక్ మీద తాళంచెవితో గీకిన నాలుగు అంకెల్ని మాత్రం ఎవరూ పట్టించుకోలేదు. 5433.

మూడో రోజు ఉదయం నిఘా సంస్థ ఏజెంట్ జ్యోతిర్మయి రావులపాలెం అరటి మార్కెట్లో ఒక లారీ పక్కన ఆగింది.

“గెలలు కర్పూరమేనా అండీ?”

“అమృతపాణి. నిన్న దిగింది,” అన్నాడు క్యాబిన్‌లోని మనిషి.

కోడ్ సరిపోయింది. ఆమె ఎక్కి తలుపు వేసుకుంది. లుంగీ, తలపాగాలో ఉన్నది చీఫ్ వీరవెంకటరమణ. ఆయన బ్రీఫింగ్ రెండు నిమిషాల్లో ముగిసింది. వేటకు వెళ్ళిన ఎనిమిది వందల పడవల పొజిషన్లు నిమిషనిమిషానికీ ఆ కేంద్రంలోని పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ సర్వర్‌లోకి చేరతాయి. ఏది మన పడవో, ఏది పరాయిదో గస్తీ నౌకలు ఆ తెర చూసే తేల్చుకుంటాయి. ఈ సాయంత్రం నాలుగు గంటలకు ఒక విదేశీ ముఠా ఆయుధాల పడవను అంతర్వేది దగ్గర నదిలోకి ఎక్కించబోతోంది. గస్తీ కళ్ళు ఎలా కప్పుతుందన్నదే తెలియదు. ముఠాలో మన మనిషి ఒకడున్నాడు, పేరు మురళీమోహన్. కన్సల్టెంట్ వేషంలో ఆ సర్వర్ రూములోనే ఉంటాడు.

“అతన్ని మీరు నమ్ముతున్నారా సార్?”

చీఫ్ లారీ అద్దం పైకెత్తాడు. “నిన్నటిదాకా నమ్మేను. అనిల్ కుమార్ పోయేడని అతను ఒక్క ముక్కా పంపలేదు,” అన్నాడు.

పదకొండు గంటలకు ఆడిట్ అధికారి భవానీదేవిగా జ్యోతిర్మయి కేంద్రంలో అడుగుపెట్టింది. ఆమె కళ్ళద్దాల ఫ్రేములో ఉన్న కెమెరా, చూసిందల్లా చీఫ్‌కి పంపిస్తోంది. ఇన్‌ఛార్జి రాజబాబు ఎదురొచ్చాడు. యాభై ఏళ్ళ మనిషి. మర్యాదకు లోటు లేదు, కుర్చీ వేశాడు, కొబ్బరి బొండం తెప్పించాడు. రికార్డులు చూడటానికి మాత్రమే పనికొచ్చే లాగిన్ ఇచ్చాడు. అసలు పాస్‌వర్డ్ అడిగితే మాత్రం చేతులు నలుపుకుంటూ, పైనుంచి కాగితం రావాలండీ అన్నాడు. ఎవరో ఫోన్ చేస్తే వరండాలోకి పోయి గొంతు తగ్గించి మాట్లాడాడు. ఆమెకు అతని మీద నమ్మకం కుదరలేదు.

మురళీమోహన్ ఇంకో రకం. తెల్లటి లినెన్ చొక్కా, మెత్తటి సెంటు వాసన, ఎవరినైనా పాత స్నేహితుణ్ణి చేసుకునే నవ్వు. కాఫీ కప్పు అందిస్తూ, చీఫ్ చెప్పిన రహస్య సంకేతాన్ని ఒక్క అక్షరం పొల్లుపోకుండా ఆమె చెవిన వేశాడు. అంత తేలిగ్గా కుదిరిపోవడమే ఆమెకు నచ్చలేదు.

ముందు బ్యాకప్‌లు చూసింది. రిజిస్టర్‌లో రోజూ ‘విజయవంతం’ అనే ఉంది. ఒక్కొక్కటే తన లాప్‌టాప్‌లోకి రీస్టోర్ చేసి చూస్తే, పదకొండు రోజులుగా తీసిన ప్రతి ఫైలూ సగంలో తెగిపోయింది. అనిల్ కుమార్ కూడా ఇలాగే పరీక్షించి ఉంటాడు. అందుకే అతను బతకలేదు.

తర్వాత ఆ మిషన్‌లో ఏయే పోర్టులు, అంటే లోపలికి దారితీసే తలుపులు, తెరిచి ఉన్నాయో చూసింది. 5432 మీద అసలు సర్వర్ నడుస్తోంది. పక్కనే 5433 మీద, వేరే డిస్కుతో, ఏ రిజిస్టర్‌లోనూ లేని ఇంకో సర్వర్. అదే డేటా, అవే పడవలు. లెక్కపెడితే ఒక్క పడవ ఎక్కువ. ఆ పడవ నంబరు చెప్పి ఎవరిదని రాజబాబుని అడిగింది.

“రాజోలు అవతల వాళ్ళదండి. అది విరిగిపోయి రెండేళ్ళయిందండీ,” అన్నాడతను తెల్లబోయి.

అంతటితో కథ అర్థమైంది. అసలు సర్వర్ ఆగిపోతే గస్తీ తెరలు వాటంతటవే 5433కి మారేలా కాన్ఫిగరేషన్ ఫైలులో ఎవరో ఒక వరుస కలిపారు. అప్పుడు ఆయుధాల పడవ రాజోలు పడవలా కనిపిస్తుంది. మరి అసలు సర్వర్ ఆగేదెలా? డిస్కు చూసింది. తొంభై ఆరు శాతం నిండింది, కళ్ళముందే పెరుగుతోంది. టైము మూడు యాభై.

మురళీమోహన్ ఆమె భుజం మీదుగా తెర వైపు వంగాడు. “పీజీ వాల్ ఫోల్డర్ ఉబ్బిపోయింది మేడమ్. పాత ఫైళ్ళు డిలీట్ చేయించండి. ఐదు నిమిషాల పని.”

జ్యోతిర్మయి వేళ్ళు కీబోర్డు మీద ఆగిపోయాయి. ప్రతి మార్పునూ డేటాబేస్ ముందుగా రాసుకునేది ఆ ఫైళ్ళలోనే. వాటిని చేత్తో చెరిపితే సర్వర్ మళ్ళీ లేవదు. బ్యాకప్ కూడా లేదు. పని తెలిసినవాడెవడూ ఆ సలహా ఇవ్వడు. ఇతనికి పని బాగా తెలుసు.

“మంచి ఐడియా. ఇన్‌ఛార్జి గారిని అడిగొస్తాను,” అని నవ్వుతూ లేచింది. వరండాలో రాజబాబు చెయ్యి పట్టుకుని గోడ పక్కకు లాగింది.

“పాస్‌వర్డ్ కావాలి. ఇప్పుడే.”

రాజబాబు చెయ్యి విడిపించుకున్నాడు. “అనిల్ పోయిన రోజూ ఇలాగే ఆడిటని ఎవరో వచ్చేరండి. ఆ సాయంత్రమే పాస్‌వర్డ్ మార్చేసేను. మీరెవరో నాకెలా తెలుస్తుందండీ?”

పన్నెండేళ్ళ ఉద్యోగంలో ఆమె చేయని పని ఒకటుంది. ఇప్పుడు చేసింది.

“నా పేరు భవానీదేవి కాదండీ. జ్యోతిర్మయి. మాది పలివెల. అనిల్ గారిని చంపినవాడు లోపల కూర్చుని ఉన్నాడనుకుంటున్నాను.”

అతను సర్వర్ రూము వైపు తిరిగాడు. “ఆయ్. రండి,” అన్నాడు.

వాళ్ళు వచ్చేసరికి మురళీమోహన్ కుర్చీ ఖాళీగా ఉంది. బయట కారు స్టార్టయిన చప్పుడు వినిపించింది. దాని నంబరు కళ్ళద్దాలకు చిక్కేలా ఆమె ఒక్కసారి కిటికీ వైపు తిరిగి, మళ్ళీ తెర ముందు కూలబడింది. తొంభై తొమ్మిది శాతం. మూడు యాభై ఎనిమిది. రాజబాబు పాస్‌వర్డ్ కొడుతుంటే వేలు జారి మొదటిసారి తప్పింది. రెండోసారి సర్వర్ తలుపు తెరుచుకుంది.

రెప్లికేషన్ స్లాట్ల జాబితా తీసింది. రెండో వరుసలో ‘బ్యాకప్ టూ’ అని అమాయకమైన పేరు. ఎక్కడో ఒక కాపీ సర్వర్ వచ్చి చదువుకుంటుందని చెప్పి, పాత ఫైళ్ళన్నిటినీ పట్టి ఉంచిన స్లాట్ అది. చదివేవాడెవడూ లేడు. అందుకే గుట్ట పెరుగుతోంది. స్లాట్‌ని తీసి పారేసింది. పాత ఫైళ్ళను వదిలించే చెక్‌పాయింట్ ఆదేశం కొట్టింది. తెర కదల్లేదు. గడియారంలో ఆఖరి సెకన్లు పోతున్నాయి.

అరవై రెండు శాతం.

నాలుగు గంటలకు గస్తీ తెరల మీద నిజమైన పడవలే ఉన్నాయి. నది మొగలో పేరూ నంబరూ లేని ఒక పడవను గస్తీ నౌక అటకాయించింది. వలల కింద పెట్టెలు దొరికాయి. మురళీమోహన్ కారు రావులపాలెం దాటలేదు. అనిల్‌ని కాలువ గట్టుకు పిలిచింది తనేనని విచారణ రెండో గంటలో ఒప్పుకున్నాడు. ఆ మాట ఫోన్‌లో విని రాజబాబు కుర్చీలో కూర్చుండిపోయి, కండువాతో మొహం కప్పుకున్నాడు. జ్యోతిర్మయి సరైన బ్యాకప్ ఒకటి తీసి, రీస్టోర్ చేసి చూసి, అది పూర్తయ్యేదాకా అతని పక్కనే కూర్చుంది.

ఆయుధాల పడవ సంగతి ఏ పేపర్లోనూ రాలేదు. వారం తిరక్కుండా రాజబాబుకు పైనుంచి మెమో మాత్రం వచ్చింది. ముందస్తు అనుమతి లేకుండా పాస్‌వర్డ్ ఎందుకు మార్చారో మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలట.