చెత్త అనే ఫోల్డర్

చెత్తబుట్ట ఖాళీ అయిపోయిందని తెర మీద కనిపించగానే పిడుగు చప్పట్లు కొట్టింది. ఇక పిన్ని కంప్యూటర్‌లో తన ఆటకు చోటు దొరికినట్టే.

పదేళ్ల పిడుగుకు ఆ ముద్దుపేరు పెట్టింది పిన్నే. పిన్ని పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేస్తుంది. ఆమెకు అలవాటైన బొమ్మల ప్రోగ్రామ్ ఈ పాత కంప్యూటర్‌లోనే నడుస్తుంది. పెట్టె బల్ల కింద, తెర బల్ల మీద. పిడుగు పుట్టకముందు కొన్నది. అప్పట్లో నెట్ ఫోన్ తీగలోంచి వచ్చేదట. కీచుకీచుమని అరిచి మరీ కలిసేదట. మధ్యలో ఎవరైనా ఫోన్ ఎత్తితే పుటుక్కున తెగిపోయేదట. ఇప్పుడు దానికి ఆ తీగ కూడా లేదు.

పక్కగదిలో పిన్ని ఫోన్‌లో మాట్లాడుతోంది.

"సాయంత్రం రండి. మన పుస్తకం బొమ్మలన్నీ అయిపోయాయి. ఎక్కడున్నాయా? 'చెత్త' అనే ఫోల్డర్‌లో!" పిన్ని పకపకా నవ్వింది. "అలా అనుకుంటేనే నాకు భయం లేకుండా చెయ్యాడుతుందండీ."

పిడుగు గుండె గుభేలుమంది. తను చెరిపేసింది ఆ 'చెత్త'నే.

తమ ఇంట్లో ఏది చెరిపినా నాన్న నెట్‌లోంచి వెనక్కి తెస్తాడు. అన్నీ పైన ఎక్కడో ఉంటాయట. పిడుగు తెర నాలుగు మూలలా వెతికింది. అప్పుడు గుర్తొచ్చింది. ఈ కంప్యూటర్‌కు 'పైన' అంటూ ఏమీ లేదు.

బల్ల కింద పెట్టె గుర్రుమంటోంది. అది తననే చూస్తోందనిపించింది. పిన్ని తిడితే ఫర్వాలేదు. ఏమీ అనకుండా అలా చూస్తూ ఉండిపోతే? ఆ ముఖాన్ని ఊహించుకోలేకపోయింది.

గబగబా కొత్త ఫోల్డర్ చేసి 'చెత్త' అని పేరు పెట్టింది. తన పెన్‌డ్రైవ్‌లోని పాటలూ ఫొటోలూ అందులోకి కాపీ చేయసాగింది. కనీసం ఖాళీగా కనిపించదు కదా! కాపీ ఎంతవరకు అయిందో చూపే పచ్చగీత తెర మీద మెల్లగా పాకుతోంది. అది పెరిగేకొద్దీ భయం తగ్గాలి. తగ్గలేదు. దాంతోపాటే పెరిగింది.

"ఏంటే, ఇంత నిశ్శబ్దం? ఎవరి నెత్తిన పడదామని?" గుమ్మంలో పిన్ని.

"ఏం లేదు" అనబోయింది పిడుగు. గీత ఇంకా పాకుతూనే ఉంది. చెయ్యి దానంతటదే కదిలి కాపీని ఆపేసింది.

"పిన్నీ... చెత్త అంటే నిజంగా చెత్తే అనుకున్నా. చెరిపేశా."

పిన్ని ముఖం పాలిపోయింది. మౌస్ వైపు చాచిన చెయ్యి సగంలో ఆగింది.

"దేన్నీ ముట్టుకోకు. చెరిపినవి వెంటనే పోవు. ఎక్కడ పెట్టిందో ఈ కంప్యూటర్ మర్చిపోతుంది, అంతే. ఆ చోట ఇంకోటి వచ్చి పడితేనే నిజంగా పోతాయి. తర్వాత ఇంకేమైనా చేశావా?"

'లేదు' అంటే చాలు. ఎవరికీ తెలీదు. కానీ ఆ పచ్చగీత... తప్పు దాచడానికి పోసిన పాటలే బొమ్మల్ని మింగుతున్నాయన్నమాట!

"చేశా పిన్నీ. ఖాళీగా కనబడకూడదని పాటలు కాపీ చేశా."

పిన్ని చటుక్కున ప్లగ్గు పీకింది. పెట్టె విప్పి, డిస్క్ బయటికి తీసి, బాబాయి లాప్‌టాప్‌కు తగిలించింది. పోయినవి వెతికే ప్రోగ్రామ్ నడిపింది. ఇద్దరూ సాయంత్రం దాకా దాని ముందే కూర్చున్నారు.

ఏనుగు బొమ్మ వచ్చింది. వాన వచ్చింది. నక్కకు తల ఒక్కటే వచ్చింది, కిందంతా బూడిదరంగు. కొన్ని బొమ్మలు రానే లేదు.

"ఇంకాసేపు ఆగి చెప్పుంటే ఈ తల కూడా దక్కేది కాదే" అంది పిన్ని, కళ్లు తుడుచుకుంటూ.

గేటు చప్పుడైంది. పుస్తకం అచ్చువేసే ఆయన వచ్చేశాడు.

"కంప్యూటర్ పాడైందని చెప్తాలే. నువ్వు లోపలే ఉండు."

పిడుగు పిన్ని కంటే ముందే వెళ్లి తలుపు తీసింది. ఎత్తయిన మనిషి. ముఖంలో నవ్వన్నది లేదు.

"కంప్యూటర్ పాడవలేదండీ" అంది పిడుగు. "నక్క ఒళ్లు నేనే చెరిపేశాను. పిన్నికి ఇంకొన్ని రోజులు టైమివ్వండి."