స్టమాటిస్ వేసిన కుర్చీ

బస్సులో కర్చీఫ్ వేస్తే సీటు మనదైనట్టు, గ్రీసులోని వోలోస్ వీధుల్లో కుర్చీ వేస్తే పార్కింగ్ మనదే. స్టమాటిస్ ఇంటి ముందు నీలం కుర్చీ వాళ్ల నాన్న హయాం నుంచీ ఉంది. కాలు కుంటిదైనా పరపతి గట్టిది.

ఆ పొద్దున స్టమాటిస్ చీజు డబ్బాల వ్యాన్‌తో వచ్చేసరికి ఆ కుర్చీలో ఎవరో అమ్మాయి దర్జాగా కూర్చుని ఉంది. హారన్ కొట్టాడు. అమ్మాయి కదల్లేదు. కుర్చీ కదిలింది, కుంటిది కదా!

"మేడమ్, అది నా చోటు!"

"వీధి అందరిదీ. నేను అర్గిరో, మునిసిపాలిటీ నుంచి. నడిచేవాళ్లకీ సైకిళ్లకీ ఇక్కడ దారి వేద్దామా వద్దా అని మిమ్మల్నే అడగడానికొచ్చా. అందాకా ఈ వారం పూలకుండీలు పెట్టి చూస్తాం."

"సైకిళ్లకి దారి, నాకు బేజారా?"

"ఆ మాటే గురువారం మీటింగులో చెప్పండి. ప్రాసతో చెబితే ఇంకా శ్రద్ధగా వింటాం."

నవ్వితే ఆ అమ్మాయి చెంపకి సొట్ట పడింది. అది చూస్తూ రివర్స్ చేయడంతో వ్యాన్‌కీ పడింది.

అప్పటి నుంచి వ్యాన్ మూలమలుపు అవతలే. డబ్బాలు మోస్తూ, తిట్టుకుంటూ, మీటింగులో 'వద్దు' అనిపించడానికి వీధినంతా కూడగట్టాడు. మనసునే కూడగట్టుకోలేకపోయాడు. కుండీలకు నీళ్లు పోయడానికి అర్గిరో వచ్చే వేళకే బాల్కనీలో తువ్వాలు ఆరేసేవాడు. ఆరిందే మళ్లీ ఆరేసేవాడు.

బుధవారం ఇంటికొస్తే నానమ్మ లేదు. కంగారుగా వీధిలోకి పరుగెత్తాడు. కుండీల మధ్య, నీలం కుర్చీలో, మహారాణిలా నానమ్మ!

"ఇక్కడేం చేస్తున్నావే?"

"ఎదురింటి మరిగో దగ్గర కాఫీ తాగొస్తున్నారా. ఈ కార్ల భయానికి దాని గడప తొక్కి ఎన్నేళ్లయిందో! కుండీలు పెట్టాక కాస్త నెమ్మదించి చచ్చాయి. మధ్యలో కాళ్లు లాగితే కూర్చోమని ఈ పిల్లే నీ కుర్చీ వేసింది."

పక్కనే నీళ్ల డబ్బాతో అర్గిరో. "సారీ, మిమ్మల్ని అడక్కుండా..."

స్టమాటిస్ వంగి, ఊగుతున్న కుర్చీ కాలు పట్టుకున్నాడు.

"రేపు మీ వీధి వద్దంటే కుండీలు తీసుకుని వెళ్లిపోతా లెండి," అందామె. నవ్వింది గానీ సొట్ట పడలేదు.

గురువారం స్కూలు హాలు కిక్కిరిసింది. స్టమాటిస్ పక్కన, ఇంటి నుంచి మోసుకొచ్చిన నీలం కుర్చీ ఖాళీ. మందులషాపు పెద్దాయన అందులో కూర్చోబోతే వీధి వీధంతా అరిచింది: "ఆగండాగండి! కుర్చీ వేశారంటే ఎవరో ఉన్నట్టు!"

స్టమాటిస్ లేచాడు. "ఇంటి ముందు చోటు వదిలేస్తున్నా. నానమ్మ కాఫీకి వెళ్లాలి. దారి వెయ్యండి."

వీధి నోరు తెరిచింది. తర్వాత ఒక్కొక్కటే చేతులు లేచాయి. దారి ఖాయమైంది.

"ఈ చోటు మాత్రం వదలను," అన్నాడు నీలం కుర్చీ మీద చెయ్యేసి.

"ఎవరి కోసం?" అంది అర్గిరో.

"నీ కోసం."

"పబ్లిక్ మీటింగులో ప్రైవేటు రిజర్వేషనా? ఎన్నాళ్లకి?"

నానమ్మ అందుకుంది. "మా ఇంట్లో కుర్చీ వేయడమే గానీ తీయడం తెలీదమ్మా! కూర్చో, అవతల మరిగో కాఫీ చల్లారిపోతోంది."

అర్గిరో వచ్చి, ఎక్కడ పడతానోనని మెల్లగా కూర్చుంది. కుర్చీ కదల్లేదు.

"కాలు బాగు చేశావా?"

"నిన్ననే. నువ్వు కదిలినా అది కదలకూడదని."

అర్గిరో చెంపకి మళ్లీ సొట్ట పడింది. అదృష్టం, వ్యాన్ మాత్రం మూలమలుపు అవతల భద్రంగా ఉంది.