వెనక్కి చూసే ఓడ

సాయంత్రం టీ వేళ, ఒడ్డు కనిపించనంత దూరంలో, 'జలవిహారి' ఓడ భోజనశాలలో ఎనిమిది వందల మంది ఒక్కసారిగా వెనక్కి తిరిగి చూశారు. ఎవరూ పిలవలేదు. ఏదీ పడలేదు. ఓడ కింద నుంచి ఒక పెద్ద అల దాటింది, అంతే. కప్పు ఎత్తినవాళ్ళు ఎత్తిన కప్పుతోనే, నమిలేవాళ్ళు నములుతూనే, గడ్డం కాస్త పైకెత్తి, ఎడమ భుజం మీదుగా చూశారు. అక్కడ ఏమీ లేదని తెలిశాక ముందుకు తిరిగి, పక్కవాళ్ళ మొహం చూడకుండా టీ తాగడం మొదలుపెట్టారు.

ఆ గదిలో తల తిప్పనివాళ్ళు ఇద్దరే. ఒకరు డాక్టర్ ఇందుకూరి శశిరేఖ. మిగతా అందరూ అలా తిరగడానికి కారణమైన యంత్రం ఆవిడ కనిపెట్టిందే, తను మాత్రం పెట్టుకోలేదు. రెండో మనిషి ఆవిడ ఎదురుగా కూర్చున్న సూరాడ ఎర్రమ్మ, భీమిలి అవతల బెస్తపల్లె నుంచి వచ్చిన ముసలామె. ఎర్రమ్మ టీ ముట్టలేదు. చేతిలో నిమ్మకాయ పట్టుకుని, తిరిగిన ఆ మెడలకేసి కళ్ళార్పకుండా చూస్తోంది.

ఇది చదివేవాళ్ళలో ఓడ ఎక్కనివాళ్ళే ఎక్కువ కాబట్టి, ముందు సముద్రం మీద వాంతుల సంగతి చెప్పుకోవాలి. మన చెవి లోపల, వినికిడితో సంబంధం లేని మూడు సన్నటి గొట్టాలున్నాయి. వాటిలో ద్రవం ఉంటుంది. తల కదిలితే ద్రవం కదిలి మెదడుకి కబురు పంపుతుంది. ఓడ గదిలో కూర్చున్నప్పుడు కళ్ళేమో ఏదీ కదలడం లేదంటాయి, చెవులేమో అంతా ఊగిపోతోందంటాయి. ఇద్దరు సాక్షులు చెరో మాట చెప్పేసరికి మెదడు కంగారుపడి, ఒంట్లోకి విషమేదో పోయిందని తీర్పు చెప్పేస్తుంది. తగాదా కంటికీ చెవికీ, శిక్ష కడుపుకి.

రెండు నెలల ప్రయాణానికి విశాఖ రేవులో ఓడ ఎక్కినవాళ్ళు మందుల బల్ల ముందు చాలాసేపు తర్జనభర్జన పడ్డారు. అల్లం బిళ్ళలున్నాయి, అవి మొదటి పెద్ద అల దాకా పనిచేస్తాయి. మాత్రలున్నాయి, వేసుకుంటే నిద్ర ముంచుకొస్తుంది. సముద్రం చూడ్డానికి ఇంత ఖర్చుపెట్టి వచ్చి నిద్రపోవాలా అని ఒక పెద్దాయన నిలదీశాడు. చెవి వెనక అంటించుకునే ప్యాచ్‌తో నోరు ఎండిపోతుంది. మణికట్టు పట్టీ నమ్మినవాళ్ళకే మేలు చేస్తుంది. బల్ల చివర పెట్టిన చింతగింజంత యంత్రం పేరు 'నిలకడ'. అది నిద్రపుచ్చదు, నోరు ఎండబెట్టదు, ఎంత అల వచ్చినా కడుపులో చుక్క కదలనివ్వదు. ఇంత మంచి బేరం ఎదురుగా ఉంటే అల్లం బిళ్ళలు ఎవరు తీసుకుంటారు? అందరూ నిలకడే చెవి వెనక పెట్టుకున్నారు.

సూత్రం తేలికే. పుట్టిన దగ్గర్నుంచీ సముద్రం మీద బతికినవాడికి వాంతులు రావు. రాబోయే అల అతని ఒంటికి ముందే తెలుస్తుంది. అలాంటి ఒక మనిషి చెవి నరం పలికే సంకేతాలన్నీ పట్టుకుని, వాటిని సన్నటి కరెంటుగా మార్చి, ఇంకొకరి చెవి నరానికి అందిస్తే చాలు. ఆ రెండో మనిషి మెదడు, ఈ అల నాకు తెలిసిందేలే అనుకుని ఊరుకుంటుంది.

శశిరేఖ ఎంచుకున్న మనిషి పేరు సూరాడ కొర్లయ్య. ఇంజన్ లేని చిన్న పడవ మీద తెడ్డు వేసుకుంటూ వేటకి పోయేవాడు. చెవి వెనక సంకేతాలు పట్టే యంత్రంతో ఆయన ఒక వేటకాలమంతా సముద్రం మీదికి వెళ్ళి వచ్చాడు. ఆ మరుసటి ఏడు జ్వరం వచ్చి, ఇంట్లో మంచం మీదే పోయాడు. ఎర్రమ్మ ఆయన భార్య.

కొర్లయ్య సముద్రం మీద మాటిమాటికీ ఎడమ భుజం మీదుగా వెనక్కి చూస్తాడని శశిరేఖకి రికార్డుల్లో కనిపించింది. ఎందుకని అడిగితే, అలవాటమ్మా అన్నాడు. సంకేతాల్లోంచి ఆ తిరగడాన్ని తీసేద్దామని ఆవిడ చాలా ప్రయత్నించింది. తీసేసిన ప్రతిసారీ నిలకడ పెట్టుకున్నవాళ్ళు బకెట్ల మీదికి వంగారు. చొక్కాలో ఒక్క దారం లాగబోతే కుట్టంతా ఊడి వచ్చినట్టు, ఆ చూపు పోతే నిలకడే పోయేది. రేవు చుట్టూ తిరిగే చిన్న ప్రయాణాల్లో అలలు చిన్నవి, తలలు ఎప్పుడో ఒకసారి తిరిగేవి. దాంతో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

ఇప్పుడు నడి సముద్రం. అలలు పెరిగిన కొద్దీ చూపులూ పెరిగాయి. ఉత్తి చూపైతే మెడనొప్పితో పోయేది. తిరిగిన ప్రతిసారీ గుండెలో ఏదో జారిపోయేది. స్టవ్ కట్టేయకుండా వచ్చినట్టుందని రిటైరైన బ్యాంకు ఆఫీసరు చెప్పాడు. బస్టాండులో పిల్లని వదిలేసి వచ్చినట్టుందని ఒక కొత్త పెళ్ళికూతురు ఏడ్చింది. ఆమెకి ఇంకా పిల్లలు లేరు. గోడకి ఆనుకుని ఉన్న కుర్చీల కోసం భోజనశాలలో తగవులాడుకునేవారు. వెనక గోడ ఉంటే భయం ఉండదని వాళ్ళ ఆశ. అల వచ్చేది, అంతా తిరిగి గోడనే వెతికేవారు. ఓడలో నవ్వులు తగ్గిపోయాయి. పాటల కచేరీకి వచ్చినవాళ్ళు కూడా మాట్లాడుకోకుండా కూర్చుని, అందరూ ఒకేసారి వెనక్కి తిరిగేవారు.

కెప్టెన్ ఆ మధ్యాహ్నమే శశిరేఖని పిలిపించాడు. మర్నాడు తుపాను అంచు ఓడకి తగలబోతోందనీ, ఈ పిచ్చి భయంతో ఉన్న జనాన్ని తుపానులో తాను సముదాయించలేననీ, పొద్దున్నే యంత్రాలన్నీ తీయించేస్తాననీ కచ్చితంగా చెప్పాడు. తీసేస్తే ఇంకా ముప్పని శశిరేఖకి తెలుసు. ఈ జనానికి సముద్రం అలవాటు కానే లేదు, అలవాటంతా కొర్లయ్యదే. తుపానులో ఒక్కసారిగా సొంత చెవులతో మిగిలితే, డెబ్బై దాటిన వాళ్ళ గుండెలు ఆ వాంతులకి తట్టుకోవు. ఆ చూపు ఏమిటో తెలిస్తే ఏదైనా దారి దొరుకుతుందేమో. తెలిసే అవకాశం ఉన్న మనిషి ఒక్క ఎర్రమ్మే. కంపెనీ ప్రచారం కోసం ఆమెని అతిథిగా ఓడ ఎక్కించింది. వాళ్ళ కులంలో ఆడవాళ్ళు పడవ ఎక్కరు, ఎక్కితే గంగమ్మకి కోపమని పెద్దలు అడ్డుపడ్డారట. వచ్చే కోపమేదో ఎప్పుడో వచ్చి పోయిందని ఆమె బయల్దేరింది. వచ్చిన దగ్గర్నుంచి తన గదిలో వాంతులతో పడి ఉండి, నిలకడ వద్దని, నిమ్మకాయతో నెట్టుకొచ్చి, ఆ సాయంత్రమే మొదటిసారి బయటికి వచ్చింది.

"ఆ మెడ మా మావది," అంది ఎర్రమ్మ. "ముందల గడ్డమెత్తి, అప్పుడు తిప్పుతాడు. ఏటి ఎతుకుతన్నారమ్మా ఈళ్ళంతా?"

"అదే మిమ్మల్ని అడగాలనుకున్నానండి. పడవలో ఎడమవైపు, ఆయన వెనక ఏముండేది?"

ఎర్రమ్మ నిమ్మకాయని బల్ల మీద పెట్టింది. అది దొర్లబోతే మళ్ళీ పట్టుకుంది. ఆ తరవాత తడబడుతూ, మధ్య మధ్య ఆగుతూ చెప్పింది.

వాళ్ళకి పైడి అని ఏడేళ్ళ కూతురుండేది. నాన్నతో పడవ ఎక్కుతానని ఒకటే పేచీ. ఆడపిల్లని ఎక్కించొద్దని ఎర్రమ్మ పోట్లాడింది. సముద్రం నిద్రపోయినట్టున్న ఒక ఉదయం, ఆమె చేపలమ్మడానికి పోయిన వేళ, కొర్లయ్య కూతురి ముచ్చట కాదనలేక ఎక్కించుకున్నాడు. తన వెనక, ఎడమ పక్క కూర్చోబెట్టాడు. కాసేపటికి అలలు లేచాయి, పిల్లకి కడుపులో తిప్పింది. వాసన చూస్తూ ఉండమని నిమ్మకాయ చేతికిచ్చి, తొందరగా ఒడ్డు చేరాలని అతను ముందుకి చూస్తూ తెడ్డు వేశాడు. పిల్ల వాంతి చేసుకోవడానికి పక్కకి వంగింది. పడవ ఉన్నట్టుండి తేలికైనట్టు అతని ఒంటికి తెలిసింది. తిరిగి చూస్తే చెక్క మీద నిమ్మకాయ దొర్లుతోంది.

"ఒడ్డుకొచ్చినాక ఒక్క మాటే అన్నాను," అంది ఎర్రమ్మ. "ఎనక్కి తిరిగి సూసుకోనేదా, అన్నాను. అంతే. మరెప్పుడూ ఏటీ అననేదు."

ఆ ఒక్క మాట తరవాత వాళ్ళిద్దరూ ముప్పై ఏళ్ళకి పైగా ఒకే ఇంట్లో ఉన్నారు. ఆమె వండేది, అతను తినేవాడు. ఒడ్డున కొర్లయ్య అందరిలాగే పేకాడేవాడు, నవ్వేవాడు. ఆ నవ్వు వినపడితే ఎర్రమ్మకి ఒళ్ళు మండేది. ఈ మనిషి పిల్లని మరిచిపోయాడని ఆమె మనసులో గట్టిగా పడిపోయింది. ఆడవాళ్ళు పడవ ఎక్కరు కాబట్టి, సముద్రం మీద అతనేం చేసేవాడో ఆమెకి ఎప్పుడూ తెలియలేదు. చచ్చిపోయినప్పుడు కూడా ఆమె సరిగ్గా ఏడవలేదు.

శశిరేఖకి అప్పుడు ఒక సంగతి గుర్తొచ్చింది. యంత్రం పెట్టడానికి వెళ్ళిన మొదటి రోజు కొర్లయ్య ఇంకేమీ అడగలేదు. దీనితో పిల్లలకి కూడా వాంతులు రావా అని మాత్రం అడిగాడు. రావని చెప్తే, అయితే పెట్టండమ్మా అని తలొంచాడు.

కెప్టెన్‌కి ఈ కథ చెప్పినా లాభం లేకపోయింది. ఆయన పాపం నొచ్చుకున్నాడు కానీ నిర్ణయం మార్చుకోలేదు. తుపానే ఆయన కంటే తొందరపడింది. తెల్లవారేసరికే అలలు మేడంత ఎత్తున లేచి, యంత్రాలు తీయించే వ్యవధి లేకపోయింది. అందరినీ ఓడ మధ్య ఉన్న పెద్ద హాల్లోకి చేర్చి, కుర్చీలకి బెల్టులు బిగించారు. కుర్చీలన్నీ వేదిక వైపే ఉన్నాయి. ఒక్కరికీ వాంతి రాలేదు. కానీ ప్రతి అలకీ ఎనిమిది వందల మెడలు తిరగడం, ఏమీ కనపడక హాలంతా ఒక్కసారి ఊపిరి బిగబట్టడం. బ్యాంకు ఆఫీసరు గుండె పట్టుకున్నాడు. ఇక లాభం లేదని, తీసేయండని కెప్టెన్ మైకులో చెప్పబోతున్నాడు.

ఎర్రమ్మ లేచింది. గోడ పట్టుకుని, రెండుసార్లు పడి, నిమ్మకాయ వాసన చూసుకుంటూ, హాలు చివరికి పోయి ఎడమ మూల ఖాళీ కుర్చీలో కూర్చుంది. శశిరేఖ వెనకే పరిగెత్తి బెల్టు బిగించింది.

పెద్ద అల వచ్చింది. ఎనిమిది వందల గడ్డాలు పైకి లేచాయి. ఎనిమిది వందల మొహాలు ఎడమకి తిరిగి ఎర్రమ్మని చూశాయి. మగవాళ్ళు, ఆడవాళ్ళు, తమిళులు, బెంగాలీలు, అందరి చూపూ ఒక్కటే, ఆమె ఎన్నడూ చూడని తన భర్త చూపు. ఆమె నిమ్మకాయ ఉన్న చెయ్యి పైకెత్తింది.

"ఉన్నాను మావా," అంది.

మొహాలు నెమ్మదిగా ముందుకి తిరిగాయి. హాల్లో చాలామంది ఏడ్చారు, ఎందుకో వాళ్ళకి తెలియదు. శశిరేఖ చేతిలోని తెర మీద, నిలకడలు పంపే వాళ్ళ గుండెల వేగం మొదటిసారి తగ్గింది. ఆ చూపుకి కావలసింది అంతే, అక్కడ ఎవరో ఒకరు కూర్చుని కనపడటం. తుపాను దాటేదాకా ప్రతి అలకీ వాళ్ళు తిరిగారు, ప్రతిసారీ ఆమె చెయ్యెత్తి ఉన్నానంది. సాయంత్రానికి ఆమె గొంతు పూర్తిగా పోయింది, అయినా పెదవులు కదుపుతూనే ఉంది.

తరవాత కంపెనీ ఏం చేసిందో మీరు ఊహించగలరు. ప్రతి ఓడలోనూ, ప్రతి హాల్లోనూ, వెనక ఎడమ మూల ఒక కుర్చీ బిగించి, దాంట్లో కూర్చోడానికి జీతానికి ఆడవాళ్ళని పెట్టింది. వాళ్ళకి నీలం యూనిఫారం, చేతిలో ప్లాస్టిక్ నిమ్మకాయ. టికెట్లు బాగా అమ్ముడుపోయాయి. కొన్నాళ్ళకి ఎవరినీ పోగొట్టుకోని ఒక కుర్రవాడి సంకేతాలతో, వెనక్కి చూడని నిలకడ కూడా తయారు చేశారు. దాన్ని వాడినవాళ్ళు తిరిగొచ్చి పాతదే ఇమ్మన్నారు. వెనక ఎవరైనా ఉన్నారో లేదో చూసుకోని ప్రయాణం వాళ్ళకి రుచించలేదట. ఇక మొదటి ఓడలో వెళ్ళొచ్చినవాళ్ళు యంత్రం తీసేసి ఏళ్ళయినా, సిటీ బస్సు గోతిలో పడి లేస్తే చాలు, ఇప్పటికీ ఎడమ భుజం మీదుగా చూస్తారు.

అదంతా తరవాతి మాట. ఆ ప్రయాణంలో చివరి సాయంత్రం, విశాఖ కొండ కనపడుతుండగా, ఎర్రమ్మ ఓడ వెనక భాగానికి వచ్చి కుర్చీ వేసుకుంది. ఆ యంత్రమొకటి తనకి పెట్టమంది. శశిరేఖ వద్దని నచ్చజెప్పి చూసి, చివరికి ఆమె చెవి వెనక నిలకడ అంటించింది. కడుపులో తిప్పడం ఆగిపోయింది. ఎర్రమ్మ చేతిలో నిమ్మకాయని పక్కన పెట్టింది. అల దాటింది. ఆమె గడ్డం పైకి లేచి, మెడ ఎడమకి తిరిగింది. అక్కడ ఓడ వదిలిన తెల్లటి నురగ తప్ప ఏమీ లేదు.

ఆమె మొహం చూసి శశిరేఖ తట్టుకోలేకపోయింది. గబగబా ఇంకో కుర్చీ లాక్కొచ్చి, ఆమె వెనక, ఎడమ పక్కన వేయబోయింది.

"అక్కడ కూకోకమ్మా," అంది ఎర్రమ్మ. "అది మా పైడి గుంట కూకున్న సోటు. ఇన్నేళ్ళూ మావొక్కడే సూసినాడు. నానూ కొంచెం సూస్తాను."