దూరహస్తాలు

పొద్దున తొమ్మిదికి కడప కేంద్రంలో హిమజ స్పర్శతొడుగులు వేసుకుంది. ఇక్కడ ఆమె వేళ్లు కదిలితే ఆరువేల మైళ్ల అవతల లుమావా దీవిలో దూరహస్తాలనే మరచేతులు కదులుతాయి. మన దేశం సంపన్న దేశాల సరసన చేరాక పేద దేశాలకు పంపుతున్న సాయం అది. పన్నెండేళ్లలో లుమావాలో బాలింతల మరణాలు దాదాపు లేకుండా పోయాయి. సాయానికి ఒకటే షరతు: దూరహస్తాలు లేకుండా కాన్పు చేయకూడదు.

ఆ రోజు మొదటి కాన్పు ఓషా అనే అమ్మాయిది. బిడ్డ క్షేమంగా బయటపడింది, మాయ కూడా పడింది. అంతలో రక్తస్రావం మొదలై, మందు ఎక్కించినా తగ్గలేదు. ఓషా పొత్తికడుపును హిమజ అదమబోయేసరికి దూరహస్తాలు బిగుసుకుపోయాయి. చూపు, మాట మాత్రం అందుతున్నాయి.

"నెలీకా, నువ్వు చెయ్యి పెట్టు," అంది అక్కడి నర్సుతో. "గర్భసంచిని పైనుంచి అదిమి రుద్దు."

చెవిలోని అనువాద యంత్రం నెలీకా జవాబును కడప యాసలో వినిపించింది. "ఎంత గట్టిగా అక్కా?"

హిమజ తన తొడుగుల వంక చూసుకుంది. రెండువేల కాన్పులు చేసింది. ఎంత అదమాలో ప్రతిసారీ దూరహస్తాలే కొలుచుకున్నాయి. వట్టి చేత్తో ఆమె ఏ బాలింతనూ తాకలేదు.

"చెప్పక్కా. నెత్తురు ఆగడంల్యా."

తలుపు దగ్గర కూర్చున్న ఓషా అవ్వ లేచి వచ్చింది. ఆమె ఒకప్పటి మంత్రసాని. షరతు వచ్చిన నాటినుంచి ఏ కాన్పుకూ వెళ్లలేదు. నెలీకా చేతుల మీద తన చేతులు వేసి అదిమింది.

"ఇట్ల. అడుగున రాయి మాదిరి తగిలేదాకా."

చాలాసేపటికి నెత్తురు తగ్గింది. ఓషా కళ్లు తెరిచి బిడ్డను అడిగింది.

"నాకూ చెప్తావా అవ్వా?" అంది హిమజ.

"నోటితో చెప్పేది కాదు బిడ్డా. రా. నాకు ఎనభై నాలుగేండ్లు, తొందరగా రా."

మర్నాడు, లుమావా వెళ్తానన్న హిమజ దరఖాస్తు చూసి కేంద్రం అధికారి అడిగాడు. "నేర్పేదానికి పోతాండావామ్మా?"

"లేదు సార్. నేర్చుకునేదానికి."

ఆయన నిబంధనలన్నీ వెతికాడు. అక్కడినుంచి ఇక్కడికి నేర్చుకోవడానికి వచ్చేవాళ్లకు తొమ్మిది రకాల అనుమతులున్నాయి. ఇక్కడినుంచి వెళ్లేవాళ్లకు ఒక్కటీ లేదు.

"పైకి రాయాల. ఏడాది పడ్తాది."

హిమజ తొడుగులు ఆయన బల్ల మీద పెట్టి వచ్చేసింది. మామూలు ప్రయాణికురాలిగా లుమావా చేరడానికి మూడు రోజులు పట్టింది. అవ్వ ఆమె అరచేతులు తిప్పి చూసి, "మెత్తగా ఉండాయి," అని లోపలికి రమ్మంది.